ఇంగ్లీషులో "ఐ" పక్కన "హూ" పెట్టకూడదా? నా మెయిల్ ఎర్రగీతలతో తిరిగొచ్చింది

రుషికొండ_నైట్‌షిఫ్ట్
కొత్త ప్రాజెక్టులో చేరి మూడు వారాలైంది. నిన్న రాత్రి ఒక ఫైలు కనపడక టీమ్ లీడ్‌కి మెయిల్ పెట్టాను. ఒకటే వాక్యం: "ఐ హూ యామ్ న్యూ టు ది టీమ్ విల్ అప్రీషియేట్ ఇఫ్ యూ టెల్ మీ వేర్ ఈజ్ ది ఫైల్." నా బుర్రలో ఉన్నది "టీముకి కొత్తగా వచ్చిన నాకు ఆ ఫైలు ఎక్కడుందో చెప్తే సంతోషిస్తాను" అని. ఆవిడ ఫైలు సంగతి వదిలేసి, ఆ ఒక్క వాక్యానికే మూడు చోట్ల ఎర్రగీతలు పెట్టి పంపింది. ఎందుకో రాయలేదు. కింద ఓ నవ్వు బొమ్మ మాత్రం ఉంది.

నాది తగరపువలస దగ్గర, పదో తరగతి దాకా తెలుగు మీడియం. గ్రామర్ మార్కులు బానే వచ్చేవి. "ది మేన్ హూ" రైటయితే "ఐ హూ" ఎందుకు తప్పు? నేనూ మనిషినే కదా. మామూలు మాటల్లో ఎవరైనా చెప్పండి. లింకులిచ్చి పారిపోవద్దు.

గాజువాక_గోపి
ముందు ఫైలు దొరికిందా?

రుషికొండ_నైట్‌షిఫ్ట్
లేదన్నా.

పూర్ణామార్కెట్_పిల్ల
"ఐ హూ యామ్" అంటే రాజుగారు దండోరా వేయించినట్టుంది. "సకల రాజ్యాలనూ గెలిచిన నేను" టైపు. తప్పో ఒప్పో తెలీదు గానీ ఫైలు కోసం అడిగేటప్పుడు అలా ఎవరంటారు!

మాస్టారు_ఎంవీపీ
పై అమ్మాయి చెవికి తగిలిందే అసలు సంగతి. కొంచెం పొడుగ్గా చెప్తాను, ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన రోగం.

తెలుగులో ఉపవాక్యం ముందొస్తుంది, సర్వనామం తర్వాతొస్తుంది. "కొత్తగా వచ్చిన నేను", "ఏమీ తెలియని నువ్వు", "నిన్న కనిపించిన అతను". ఎవరికి తగిలించినా మనకి అడ్డు లేదు. ఇంగ్లీషులో ముందు సర్వనామం, దాని వెనకాల తోకలా ఉపవాక్యం. ఇంతవరకూ అందరికీ తెలుసు. తెలియంది ఏమిటంటే ఆ తోక అన్నిటికీ అతకదు. "సమ్‌వన్", "ఎనీవన్", "ఎవ్రీవన్", "నోబడీ", "దోజ్", "ఎవ్రీథింగ్" లాంటివాటికి హాయిగా అతుకుతుంది. ఎందుకంటే అవి సగం మాటలు. "ఎనీవన్" అనగానే వినేవాడికి "ఎవరైనా అంటే ఎలాంటివాళ్ళు?" అని సందేహం. "ఎనీవన్ హూ హాజ్ ఎ టికెట్" అనేసరికి తీరిపోయింది.

"ఐ" అన్నప్పుడు ఆ సందేహం రాదు. మాట్లాడేది నువ్వేనని ఎదుటివాడికి తెలుసు. "ఏ నేను?" అని ఎవరూ అడగరు. తెలిసినదానికి గుర్తులు చెప్తే అది అలంకారం అయిపోతుంది. రెండు పక్కలా కామాలు పెట్టి "ఐ, హూ న్యూ నథింగ్," అని కథల్లో రాస్తారు, తప్పు కాదు. ఆఫీసులో మాత్రం "ఐ యామ్ న్యూ టు ది టీమ్" అని ఫుల్‌స్టాప్ పెట్టేసి, తర్వాత అడగాల్సింది అడుగుతారు.

గాజువాక_గోపి
మరి "హీ హూ లాఫ్స్ లాస్ట్ లాఫ్స్ లాంగెస్ట్" మాటేటి మాస్టారూ? మా స్కూలు గోడ మీద నీలంరంగుతో రాసుండేది. హీ పక్కన హూ ఉందిగా.

మాస్టారు_ఎంవీపీ
ఆ "హీ" ఒక మనిషి కాదు గోపీ. "ఎవడు చివర నవ్వుతాడో వాడు" అని అర్థం. పాతకాలపు ఇంగ్లీషు సామెతల్లో ఊరగాయలా నిలవుండిపోయింది. ఇవాళ కొత్తగా ఎవరూ అలా పట్టరు.

షిప్‌యార్డు_శీను
మాస్టారు చెప్పిన ఊరగాయ నేను వడ్డించీసేను ఓసారి. బయటినుంచి సర్వేయర్ ఒకాయన వచ్చేడు, ఇంగ్లీషు దొర. ఫోర్‌మన్ ఎవరని అడిగేడు. గేటు దగ్గర నిలబడ్డాయన మా ఫోర్‌మన్ అని చెప్దామని "హీ హూ ఈజ్ స్టాండింగ్ నియర్ ది గేట్" అని మొదలెట్టి, దగ్గొచ్చి ఆగేను. ఆయన నా మొహమే చూస్తున్నాడు. గేటు దగ్గర నిలబడ్డవాడు స్వర్గానికి పోతాడో, చెడిపోతాడో, తర్వాత వచ్చే నీతి కోసం కాచుక్కూచున్నాడని ఇప్పుడు తెలిసింది.

పూర్ణామార్కెట్_పిల్ల
😂😂 గేటు దగ్గర నిలబడ్డవాడు బతికి బాగుపడతాడు

సిరిపురం_సుధ
శీనుగారి తప్పు మా పిల్లలు రోజూ చేస్తారు, ఎందుకో కూడా కనిపిస్తూనే ఉంది. నిలబడ్డ + ఆయన, వచ్చిన + వాడు. మన మాటలోనే సర్వనామం అతుక్కుని ఉంది. దాన్ని విడదీసి "వాడు"కి "హీ" పెట్టి, "వచ్చిన"కి "హూ కేమ్" పెడతారు. "నిన్న వచ్చినవాడు మా మావయ్య" కాస్తా "హీ హూ కేమ్ యెస్టర్‌డే ఈజ్ మై అంకుల్" అవుతుంది. అక్కడ ఇంగ్లీషువాళ్ళు "ది మేన్ హూ" అంటారు, లేదా "ది వన్ హూ".

"వాళ్ళు"తో ఇంకో చిక్కు. మనకి "దే" అన్నా "దోజ్" అన్నా వాళ్ళే. అందుకని "దే హూ ఫినిష్డ్ కెన్ గో" అని రాస్తారు. "దోజ్ హూ" అనాలి. "దెమ్ హూ" అసలే కుదరదు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వనిది "ఆల్ వాట్ యూ సెడ్". పరీక్ష పేపర్లు దిద్దిన ప్రతిసారీ కనీసం పది. "నువ్వు చెప్పిందంతా" అని తెలుగు. "చెప్పింది" అంటే చెప్పిన + అది. ఇంగ్లీషు "వాట్" కూడా అంతే, కడుపులో "అది" దాచుకున్న మాట. "వాట్ యూ సెడ్" అంటేనే "నువ్వు చెప్పింది". ముందు ఇంకో సర్వనామం తగిలిస్తే "అది" రెండుసార్లు పడ్డట్టు. "ఆల్ దట్ యూ సెడ్" అను, లేదా "ఎవ్రీథింగ్ యూ సెడ్" అను.

రుషికొండ_నైట్‌షిఫ్ట్
సుధక్కా, "ఎవ్రీథింగ్ యూ సెడ్"లో "దట్" ఏమైపోయింది? అది తీసెయ్యొచ్చా?

సిరిపురం_సుధ
తీసెయ్యొచ్చు, మాట్లాడేటప్పుడు తీసేస్తారు కూడా. కానీ ఒక షరతు. ఉపవాక్యంలో పనిచేసేవాడు వేరే ఉండాలి. "సమ్‌వన్ ఐ నో" అంటే నాకు తెలిసినవాళ్ళెవరో. తెలిసింది నాకు, "ఐ" అక్కడే ఉంది, కాబట్టి "హూ" అక్కర్లేదు. "సమ్‌వన్ హూ నోస్ మీ"లో "హూ"యే కర్త. పీకేస్తే "సమ్‌వన్ నోస్ మీ" మిగులుతుంది, అది ఇంకో వాక్యం. తెలుగులో ఈ తేడా "నాకు తెలిసినవాడు", "నన్ను తెలిసినవాడు" అని విభక్తితో సరిపెట్టుకుంటాం.

కాన్వెంట్_బాధితురాలు
హూ గొడవలో నా గోడు కూడా వినండి. పదేళ్ళపాటు రోజూ పొద్దున్న అసెంబ్లీలో "అవర్ ఫాదర్ హూ ఆర్ట్ ఇన్ హెవెన్" అని చేతులు జోడించి చెప్పాను. ఏడో తరగతి దాకా పరలోకంలో కూచుని బొమ్మలేసుకునే తండ్రి అనుకున్నాను. డ్రాయింగ్ పరీక్ష ముందు ఇంకాస్త గట్టిగా చెప్పేదాన్ని.

మాస్టారు_ఎంవీపీ
అమ్మాయ్, నవ్వు ఆగడం లేదు. కానీ నైట్‌షిఫ్ట్ కుర్రాడి ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది. "ఆర్ట్" అనేది "దౌ" అనే పాత "నువ్వు"కి వచ్చే క్రియ. ప్రార్థనలో తండ్రిని ఎదురుగా పిలుస్తున్నారు, కాబట్టి "హూ" తర్వాత కూడా "నువ్వు" క్రియే వచ్చింది. "హూ"కి సొంత పురుష లేదు, ముందున్నవాడి పురుషే దానిది. అందుకే పుస్తకం ప్రకారం "ఐ హూ యామ్" రైటు, "ఐ హూ ఈజ్" తప్పు. నీ "యామ్" మీద ఆవిడ గీత పెట్టి ఉండదు, చూసుకో.

ఇంకో ముచ్చట. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో అక్కడ "హూ" లేదు, "విచ్ ఆర్ట్ ఇన్ హెవెన్" అని ఉంది. అప్పట్లో మనుషులకీ దేవుడికీ కూడా "విచ్" వాడేవారు. ఇప్పుడు మేనేజర్ని "విచ్" అంటే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు.

రుషికొండ_నైట్‌షిఫ్ట్
చూశాను. గీత "ఐ హూ యామ్" మొత్తం కింద ఉంది మాస్టారూ, "యామ్" కింద విడిగా లేదు. మొదటిది అర్థమైంది. రెండో గీత "అప్రీషియేట్ ఇఫ్" కింద. అక్కడ సర్వనామమే లేదు కదా?

కండక్టర్_కొడుకు
లేకపోవడమే తప్పు. అక్కడ "ఇట్" ఉండాలి. "ఐ వుడ్ అప్రీషియేట్ ఇట్ ఇఫ్".

నాకు ఇది మా నాన్న బస్సులో అర్థమైంది. కాంప్లెక్స్‌లో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద రుమాలు పడుతుంది కదా. మనిషి ఇంకా కిందే ఉన్నాడు, పెట్టెతో, పిల్లలతో. రుమాలు సీటు ఆపుతుంది, మనిషి తీరిగ్గా వెనక తలుపులోంచి వస్తాడు. "ఇట్" ఆ రుమాలు. "అప్రీషియేట్" పక్కన కర్మ కూచోవాల్సిన సీటుంది. "మీరు చెప్తే" అనే పెద్ద కుటుంబం చివర్లో ఎక్కుతుంది. అందాకా సీటులో "ఇట్" వెయ్యాలి. "ఐ హేట్ ఇట్ వెన్ ది బస్ ఈజ్ లేట్", "సీ టు ఇట్ దట్ హీ ఈట్స్", "ఇట్స్ ఎ పిటీ దట్ యూ మిస్డ్ ఇట్". అన్నీ రుమాళ్ళే. తెలుగులో "మీరు చెప్తే సంతోషిస్తాను" అని కుటుంబం మొత్తం ముందే ఎక్కేస్తుంది కాబట్టి మనకి రుమాలుతో పన్లేదు. అందుకే మర్చిపోతాం.

షిప్‌యార్డు_శీను
నీకు దణ్ణం తమ్ముడూ. ఇంక జన్మలో మర్చిపోను.

గాజువాక_గోపి
"ఐ థింక్ దట్ హీ ఈజ్ కమింగ్" కి రుమాలు ఏదీ? అక్కడా పెద్ద కుటుంబమే కదా ఎక్కేది.

కండక్టర్_కొడుకు
"థింక్", "నో", "సే" లాంటివాటి పక్కన "దట్" వాక్యానికి రిజర్వేషన్ ఉందన్నా. నేరుగా వచ్చి కూచుంటుంది. "చెప్తే", "అయినప్పుడు" అనే అర్థంలో వచ్చే "ఇఫ్", "వెన్" వాళ్ళకి ఆ సీట్లో హక్కు లేదు.

అట్లాంటా_నుంచి_అనకాపల్లి
చిన్న సవరణ. పదకొండేళ్ళు అమెరికాలో ఉండి వచ్చాను. అక్కడ "ఐ హేట్ వెన్ దట్ హ్యాపెన్స్" అని రుమాలు లేకుండానే అనేస్తారు, చదువుకున్నవాళ్ళు కూడా. "హేట్ ఇట్ వెన్" రెండు దేశాల్లోనూ చెల్లుతుంది, అది నేర్చుకుంటే చాలు. "అప్రీషియేట్" దగ్గర మాత్రం "ఇట్" లేకపోతే వాళ్ళకీ గుచ్చుకుంటుంది. ఇంకోటి, "విల్" బదులు "వుడ్" పెట్టు. "విల్" అంటే చేసి తీరాలన్నట్టు వినిపిస్తుంది.

బీచ్‌రోడ్_వాదం
ఇదంతా చదివి నవ్వొస్తోంది. వాడు రాసింది ఆవిడకి అర్థమైందా లేదా? అయింది కాబట్టే ఎర్రగీతలు పెట్టింది. ఈ దేశంలో కోట్లమంది "అప్రీషియేట్ ఇఫ్" అనే రాస్తారు. మన ఇంగ్లీషు మనది. లండన్‌లో ఎవడో చెవి మూసుకుంటాడని మనం "ఇట్"లు పరుచుకుంటూ కూచోవాలా?

సిరిపురం_సుధ
అర్థమవడం వేరు, ఇంటర్వ్యూలో కుర్చీ దక్కడం వేరు. మీ వాదం నా దగ్గర చదివే పిల్లలకి ఉద్యోగం ఇవ్వదు సార్.

బీచ్‌రోడ్_వాదం
ఇచ్చేవాళ్ళ బుర్ర మారాలి అంటున్నాను.

మాస్టారు_ఎంవీపీ
ఈ పోట్లాట మన ఊరికి కొత్త కాదు, భాష వేరంతే. ఇక్కడి ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి.శ్రీనివాస అయ్యంగార్, స్కూళ్ళ ఇన్‌స్పెక్టర్‌గా వచ్చిన యేట్స్ దొర, విజయనగరంలో గురజాడ, పర్లాకిమిడిలో గిడుగు. పుస్తకాల తెలుగు ఒకటి, నోట్లో తెలుగు ఒకటి ఎందుకుండాలని అడిగినవాళ్ళు వీళ్ళే. "ఇట్ ఈజ్ ఐ హూ యామ్ రెస్పాన్సిబుల్" అనేది ఇంగ్లీషువాడి గ్రాంథికం. వాడి నోట్లో ఉన్నది "ఇట్స్ మీ హూజ్ రెస్పాన్సిబుల్". మొదటిది వ్యాకరణం పుస్తకానికి ఒప్పు, రెండోది ఇంట్లో, వీధిలో ఒప్పు. పరీక్షలో మొదటిది రాయండి, వంటింట్లో రెండోది అనండి.

తెలుగు ఇక్కడ తెలివిగా తప్పించుకుంది. "చేసింది నేనే, చేసింది నువ్వే, చేసింది వాళ్ళే." ఎవరు చేసినా "చేసింది"యే. "యామ్"లా "ఈజ్"లా అని తగువు లేదు.

కానీ వాదం బాబూ, గిడుగు వాడుకభాష అడిగింది ఆ భాష మాట్లాడేవాళ్ళ నోట్లోంచి విని. నువ్వు అడిగేది మన నోట్లో ఉన్న ఇంగ్లీషుకి గుర్తింపు. అదీ న్యాయమే కావచ్చు, ఇంకో వందేళ్ళకి.

బీచ్‌రోడ్_వాదం
వందేళ్ళు ఆగుతాను. "అప్రీషియేట్ ఇఫ్" మాత్రం మానను.

పూర్ణామార్కెట్_పిల్ల
మూడో గీత సంగతి ఎవరూ పట్టించుకోలేదు పాపం. "టెల్ మీ వేర్ ఈజ్ ది ఫైల్." నేనూ అలాగే అంటాను.

సిరిపురం_సుధ
"టెల్ మీ వేర్ ది ఫైల్ ఈజ్." విడిగా అడిగితే "వేర్ ఈజ్ ది ఫైల్?" అని క్రియ ముందుకొస్తుంది. "టెల్ మీ" వెనకాల చేరాక అది ప్రశ్న కాదు, ఉపవాక్యం. వరస మళ్ళీ మామూలుకి వచ్చేయాలి.

పిల్లలకి నేను ఇలా చెప్తాను. "ఫైలు ఎక్కడుంది?" ప్రశ్న. "ఫైలు ఎక్కడుందో చెప్పు" అనేటప్పుడు చివర "ఓ" తగిలిస్తాం. ఏ పల్లెటూరి పిల్లాడూ "ఎక్కడుంది చెప్పు", "ఎక్కడుందో చెప్పు" రెండూ ఒకటే అనుకోడు. మనం "ఓ" పెట్టిన చోటల్లా వాళ్ళు వరస తిప్పేస్తారు. నీ నోట్లో "ఓ" వచ్చిందంటే ఇంగ్లీషులో "ఈజ్" వెనక్కి పోవాలని గుర్తు.

రుషికొండ_నైట్‌షిఫ్ట్
అక్కా! పదిహేనేళ్ళ చదువులో ఈ "ఓ" ముక్క ఒక్కళ్ళు చెప్పలేదు.

పోర్టు_లాంచీ
ఈ రూలుకి చిన్న చిల్లు ఉందండీ. పోర్టులో ఏజెంటు పని నాది, ఓడలవాళ్ళతోనే రోజంతా. ఐర్లాండ్ చీఫ్ ఇంజనీర్ ఒకాయన ఉండేవాడు, "ఆస్క్ హిమ్ ఈజ్ హీ కమింగ్" అనేవాడు. మన టైపే. నేను సరదాపడి "సార్, ఇఫ్ హీ ఈజ్ కమింగ్ అనాలి కదా" అన్నాను. మా ఊళ్ళో ఇలాగే అంటాం, నీకేమైనా ఇబ్బందా అన్నాడు. తర్వాత కనుక్కుంటే నిజమే, ఐర్లాండ్ ఇంగ్లీషులో అది మామూలు మాటట.

బీచ్‌రోడ్_వాదం
చూశారా! ఐర్లాండ్ వాడు అంటే యాస, అనకాపల్లి వాడు అంటే తప్పు.

మాస్టారు_ఎంవీపీ
ఈ ఒక్కచోట వాదంగారికి నా మార్కు.

గాజువాక_గోపి
నాదీ ఒకటి తేల్చీయండి. "హీ టోల్డ్ దట్ హీ విల్ కమ్" అంటే మా అబ్బాయి పగలబడి నవ్వుతున్నాడు. ఆడికి పన్నెండేళ్ళు.

సిరిపురం_సుధ
"టెల్"కి మనిషి కావాలి గోపిగారూ. "హీ టోల్డ్ మీ దట్". మనిషి వద్దనుకుంటే "సే" వాడండి, "హీ సెడ్ దట్". "నాకు చెప్పాడు" అని "సెడ్ మీ" మాత్రం వద్దు. తెలుగులో రెండిటికీ "చెప్పు" ఒకటే కాబట్టి ఈ తిప్పలు. అబ్బాయిది రైటే, నవ్వడం మాత్రం మానమనండి.

బీచ్‌హోటల్_డెస్క్
మా దగ్గర దిగిన ఓ పెద్దమనిషి నా తప్పు దిద్దబోయి తనే జారిపడ్డాడు. "గివ్ ది కీ టు హూఎవర్ కమ్స్ ఫస్ట్" అన్నాను. "టు" తర్వాత "హూమెవర్" రావాలి అన్నాడు. ఎవరు రైటు?

మాస్టారు_ఎంవీపీ
నువ్వే. "టు" అడిగేది ఆ మొత్తం ఉపవాక్యాన్ని, ఒక్క మాటని కాదు. లోపల వచ్చేది అతను, కర్త. "ఎవరు ముందొస్తే వాళ్ళకి" అనడంలో "ఎవరు"ని "ఎవరికి" చెయ్యం కదా. "కి" తగిలేది "వాళ్ళ"కి. మనం ఇద్దర్ని పెట్టిన చోట ఇంగ్లీషు ఒక్కణ్ణే పెట్టింది, అందుకే ఆయన తికమకపడ్డాడు.

బీచ్‌హోటల్_డెస్క్
ఆయన చెకౌట్ అయిపోయాడు. లేకపోతే ప్రింటు తీసి ఇచ్చేవాణ్ణి.

రుషికొండ_నైట్‌షిఫ్ట్
ఇప్పుడే మళ్ళీ పంపాను. "ఐ యామ్ న్యూ టు ది టీమ్. ఐ వుడ్ అప్రీషియేట్ ఇట్ ఇఫ్ యూ కుడ్ టెల్ మీ వేర్ ది ఫైల్ ఈజ్." రుమాలు వేశాను, "ఓ" చూసుకున్నాను, దండోరా తీసేశాను.

కండక్టర్_కొడుకు
రైట్ రైట్, పోనీ!

షిప్‌యార్డు_శీను
జవాబొచ్చేక చెప్పు.

రుషికొండ_నైట్‌షిఫ్ట్
వచ్చింది. ఒక్క ఎర్రగీత లేదు. "పర్ఫెక్ట్. ది ఫైల్ ఈజ్ వేర్ ఇట్ ఆల్వేస్ ఈజ్."

సిరిపురం_సుధ
"వేర్ ఇట్ ఆల్వేస్ ఈజ్"! వరస ఎంత చక్కగా ఉందో.

గాజువాక_గోపి
వరస సరే. ఫైలు దొరికిందా?

రుషికొండ_నైట్‌షిఫ్ట్
ఎప్పుడూ ఎక్కడుంటుందో తెలిస్తే మెయిల్ ఎందుకు పెడతానన్నా.